ఆ పుస్తకము మేము కూడ చదివాము



ఈ నెల మీతో ఒక చదువు గురించి మాట్లాడాలని కూర్చున్నాము. బైబిలు పాఠశాల చదువు కాదు, కాలేజీలో చెప్పే పొలిటికల్ సైన్సు. పాదిరిగారికి రాజకీయాలెందుకని మీలో కొందరు బొమలు ముడివేస్తారని మాకు తెలుసు. చివరి దాకా చదవండి, ఆ తరువాత మమ్మును గద్దించవలసి వస్తే గద్దించండి.

2023లో వానలు మొదలయ్యే రోజుల్లో మా సంఘస్థుడొకాయన పార్సనేజీకి వచ్చాడు. ఎకరంన్నర కౌలుకు తీసుకొని మిరప వేసే మనిషి. అప్పు ఎంతో, పంట ఎంతో మాకు తెలుసు. మా ఇంటివారు మంచినీళ్లు ఇచ్చి కూర్చోబెట్టారు.

“అయ్యగారూ, మా పెద్దమ్మాయి ఇంటరు పాసైంది. నర్సింగులో చేరవే అంటే వినడం లేదు. బి.ఏ.లో చేరి పొలిటికల్ సైన్సు చదువుతానంటుంది. రాజకీయాలు నేర్చుకొని ఆడపిల్ల ఏం చేస్తుందండీ? మీరు చెబితే వింటుంది. కాస్త బుద్ధి చెప్పండి” అన్నాడు.

నిజము ఒప్పుకోవాలి. మా మనస్సు కూడ ఆయన వైపే ఉంది. రాజకీయాలంటే మన పల్లెల్లో ఏమిటి? పోలింగు ముందురోజు కవర్లలో నోట్లు, ఆ పార్టీ బజారు, ఈ పార్టీ బజారు, ఎన్నిక అయ్యాక ఏడాది పాటు అన్నదమ్ముల మధ్య మాటల్లేకపోవడం. దాని కోసం కాలేజీకి వెళ్లడమెందుకు అనుకున్నాము.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆ అమ్మాయిని పిలిచి మాట్లాడాము. ఆమె వాదించలేదు. చేతిసంచిలో నుండి అట్ట చిరిగిన పుస్తకమొకటి తీసింది. కాలేజీలో పాఠము ఇంగ్లీషులో చెబుతారు గనుక, అర్థము చేసికొనడానికి తెలుగు మీడియములో చదివిన ఒక అక్క దగ్గర ఆ పాత పుస్తకము తెచ్చుకొన్నదట. “అయ్యగారూ, మీరు ఒక్కసారి ఇది చదవండి. చదివాక కూడా వద్దంటే మానేస్తాను” అన్నది.

ఆ మాటకు మేము చిక్కుకున్నాము. చదవకుండా తీర్పు చెప్పితే అన్యాయము. కావున దీపాలవేళ భోజనము అయ్యాక రోజుకు పది పేజీల చొప్పున చదవడం మొదలుపెట్టాము.

ఇశ్రాయేలు రాజుల పేర్లు, యూదా రాజుల పేర్లు వరుసగా చెప్పమంటే చెప్పగలము. థియాలజీ డిప్లొమాలో అవి కంఠస్థము చేయించారు. అయితే మన దేశములో ఏ పని ఎవరి చేతిలో ఉన్నదో మాకు సరిగ్గా తెలియదని మూడవ రోజునే తెలిసిపోయింది. రాజ్యాంగము ఏడవ షెడ్యూలులో అధికారములను మూడు జాబితాలుగా పంచారు. మొదట కేంద్ర జాబితాలో 97, రాష్ట్ర జాబితాలో 66, ఉమ్మడి జాబితాలో 47 అంశములు ఉండేవి. దేశ రక్షణ, రైల్వేలు, తపాలా కేంద్రము చేతిలో ఉన్నవి. పోలీసు, ప్రజారోగ్యము, వ్యవసాయము రాష్ట్రము చేతిలో ఉన్నవి. విద్య మొదట రాష్ట్ర జాబితాలో ఉండి, 1976లో చేసిన 42వ సవరణతో ఉమ్మడి జాబితాకు వచ్చింది. ఇక వీధిదీపము, మురుగుకాల్వ, మంచినీటి కుళాయి పంచాయతీ పనులు. 1992లో చేసిన 73వ సవరణ 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చి, పంచాయతీలకు రాజ్యాంగములో స్థానము కల్పించింది.

ఇది చదివి మేము సిగ్గుపడ్డాము. మా ఆరోగ్య కేంద్రములో డాక్టరు పోస్టు ఖాళీగా ఉన్నదని రెండేళ్లు వరుసగా ఎం.పి.గారికి అర్జీలు వ్రాసినది మేమే. ఆ పోస్టు నింపవలసినది రాష్ట్ర ప్రభుత్వము. రైల్వే గేటు దగ్గర ఇబ్బంది గురించి సర్పంచిని నిలదీసినది కూడ మేమే. తలుపు ఒకరిదైతే మరొకరి తలుపు తట్టి, ఎవరూ తీయలేదని బాధపడ్డాము.

తరువాత అధ్యాయము రాజ్యాంగము ఎట్లు పుట్టినదో చెప్పింది. రాజ్యాంగ సభ 1946 డిసెంబరు 9న మొదటిసారి కూడింది. ముసాయిదా సంఘమునకు డాక్టర్ అంబేద్కర్ గారు అధ్యక్షులు. 1949 నవంబరు 26న ఆమోదించి, 1950 జనవరి 26 నుండి అమలు చేశారు. అంబేద్కర్ గారి బొమ్మ మన పేటలన్నిటిలో ఉన్నది, అది మనకు తెలిసిన సంగతే. కాని ఆ సభకు ఉపాధ్యక్షులుగా ఉన్న హరేంద్ర కుమార్ ముఖర్జీ గారు బెంగాలుకు చెందిన క్రైస్తవులని మనలో ఎందరికి తెలుసు? మొదటి కేంద్ర ఆరోగ్య మంత్రి రాజకుమారి అమృత్ కౌర్ గారు కూడ ఆ సభలో సభ్యురాలు, ఆమెదీ క్రైస్తవ కుటుంబమే. మన రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయమ్మ గారు అక్కడ మాట్లాడారు. చట్టసభలలో మతము ప్రకారము సీట్లు కేటాయించాలా అనే చర్చ వచ్చినప్పుడు, మాకు వేరుగా సీట్లు అక్కరలేదని చెప్పిన క్రైస్తవ నాయకులలో ముఖర్జీ గారు ముందున్నారు. దేశములో అందరితోపాటు నిలబడతామని వారు నమ్మకముంచారు. మన పెద్దలు చేసిన ఆ పని మన పిల్లలకు మనము చెప్పలేదు.

ఇంకొక సంగతి మా ఇంటివారిని చాల కదిలించింది. మొదటి సార్వత్రిక ఎన్నికలు 1951 అక్టోబరులో మొదలై 1952 ఫిబ్రవరి వరకు జరిగాయి. ఓటర్లు 17 కోట్లకు పైగా. వారిలో అత్యధికులకు అక్షరములు రావు. అందుచేత ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె పెట్టి, దాని మీద గుర్తు అంటించారు. అప్పుడు ఉత్తర రాష్ట్రములలో చాలమంది స్త్రీలు తమ స్వంత పేరు చెప్పలేదు. ఫలానావారి భార్యను, ఫలానావారి తల్లిని అని మాత్రమే చెప్పారు. అట్లు పేరు చెప్పని దాదాపు 28 లక్షలమంది స్త్రీలను జాబితా నుండి తీసివేయవలసి వచ్చింది. మా ఇంటివారు ఇది విని, “మన సంఘ రిజిస్టరులో కూడ సగము మంది ఆడవాళ్లు ఫలానావారి భార్య అనే ఉన్నారు గదండీ” అన్నారు. మరుసటి వారమే ఆ రిజిస్టరు దిద్దడం మొదలుపెట్టాము.

ప్రభుత్వము నిలిచేది ఎట్లు, పడిపోయేది ఎట్లు అన్నది ఆ పుస్తకములో పెద్ద భాగము. లోక్‌సభలో 543 సీట్లు. ఆంధ్రప్రదేశ్‌కు 25, తెలంగాణకు 17. సభలో అందరి స్థానములు నిండియుంటే 272 మంది మద్దతు ఉన్నవారే ప్రధానిగా నిలువగలరు. 1999 ఏప్రిల్ 17న వాజపేయి గారి ప్రభుత్వము విశ్వాస తీర్మానములో 269కి 270గా, ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది. నా ఒక్క ఓటుతో ఏమవుతుందిలే అనేవారికి మేము ఇప్పుడు ఈ లెక్క చెబుతున్నాము.

మన రాష్ట్రములో జరిగినది ఒకటి ఉన్నది. 1984 ఆగస్టులో గవర్నరు రామ్ లాల్ గారు ఎన్.టి.రామారావు గారిని ముఖ్యమంత్రి పదవి నుండి తొలగించి, నాదెండ్ల భాస్కరరావు గారిచేత ప్రమాణము చేయించారు. మాకప్పటికి ఊహ తెలియదు గాని, మన పెద్దలకు ఆ రోజులు బాగా జ్ఞాపకము. ఊరూరా జనము వీధుల్లోకి వచ్చారు. గవర్నరు మారారు. నెల తిరిగేసరికి సెప్టెంబరులో రామారావు గారు మరల ముఖ్యమంత్రి అయ్యారు. ఎవరికి మెజారిటీ ఉన్నదో తేలవలసినది రాజభవనములో కాదు, సభలోనే అని 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. ఏ పార్టీని మెచ్చుకొనడానికో మేము ఇది వ్రాయడం లేదు. ఎంత పెద్ద పదవిలో ఉన్నవారికైనను ఒక గీత ఉన్నదని మీరు గమనించాలని వ్రాస్తున్నాము.

ఆ గీతలను కాపాడేవి న్యాయస్థానములు. కేరళలో ముగ్గురు పిల్లలు బడిలో జాతీయ గీతము పాడేటప్పుడు మర్యాదగా లేచి నిలబడేవారు గాని, తమ విశ్వాసమును బట్టి పాడేవారు కారు. బడినుండి వారిని తీసివేశారు. 1986లో సుప్రీంకోర్టు ఆ పిల్లలను తిరిగి చేర్చుకొనవలసినదని తీర్పు ఇచ్చింది. ఆ కుటుంబము యెహోవా సాక్షుల శాఖకు చెందినది. వారి బోధ మన బోధ కాదు, మన సంఘములలో మేము గీతము సంతోషముగా పాడిస్తాము. అయినను, మనకు నచ్చని మనస్సాక్షిని సైతము 25వ అధికరణము కాపాడుతున్నది. శాంతిభద్రతలు, నీతి, ఆరోగ్యము అనే హద్దులకు లోబడి ఆ స్వేచ్ఛ అందరిదీ. మన పొరుగువాని గుడికి, మసీదుకు ఉన్న రక్షణ, మన ప్రార్థన మందిరమునకు ఉన్న రక్షణ ఒక్కటే. వానిది పోతే మనది నిలువదు.

మనకు నొప్పి కలిగించే పేజీలు కూడ ఆ పుస్తకములో ఉన్నవి. షెడ్యూల్డు కులముల గురించి రాష్ట్రపతి 1950లో ఇచ్చిన ఉత్తర్వు హిందువులకు వర్తించింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రములో వారిని బి.సి. - సి గ్రూపులో ఉంచారు. మన ఇండ్లలో గుసగుసగా మాట్లాడుకొనే ఈ సంగతి గురించి, పుస్తకము చదివిన ఆ అమ్మాయి బహిరంగముగా అడిగింది. “అయ్యగారూ, ఇది తెలియకుండానే మనవాళ్లు సర్టిఫికెట్ల కోసం తిరుగుతున్నారు. ముందు చట్టం ఏముందో అందరికీ చెప్పాలి గదా” అన్నది. మా దగ్గర సమాధానము లేదు. తెలిసి బాధపడుటకును, తెలియక మోసపోవుటకును తేడా ఉన్నది.

పుస్తకము ముగించడానికి నెలపైగా పట్టింది. ఆ తండ్రిని పిలిచి, “మేము వద్దని చెప్పలేము” అన్నాము. ఆయన మౌనముగా లేచి వెళ్లిపోయాడు. అమ్మాయి మాత్రము కాలేజీలో చేరింది.

ఇక అసలు సంగతికి వస్తాము.

2024 మే 13న మన రాష్ట్రములో శాసనసభకు, లోక్‌సభకు ఒకేసారి పోలింగు జరిగింది. అంతకు నాలుగు నెలల ముందే ఆ అమ్మాయి ఓటర్ల జాబితా తీసికొని మా వరండాలో కూర్చున్నది. సంఘములో పదకొండు పేర్లు లేవు. కొత్తవారికి ఫారం 6, ఇల్లు మారినవారికి ఫారం 8. పుట్టింటికి తిరిగివచ్చిన ఒక విధవరాలికి తన ఓటు ఎక్కడ ఉన్నదో కూడ తెలియదు. అందరి ఫారములు నింపి బి.ఎల్.ఓ.కు ఇచ్చింది. తొమ్మిది పేర్లు వచ్చాయి. రెండు రాలేదు, ఎందుకో ఎవరూ చెప్పలేదు.

పోలింగుకు రెండు వారముల ముందు ఒక శనివారము రాత్రి, ఒక అభ్యర్థి మనుషులు కారులో మా ఇంటికి వచ్చారు. ఏ పార్టీయో చెప్పము, అడగవద్దు. మా మందిరమునకు ప్రహరీ లేదు. మేకలు లోనికి వస్తాయి, రాత్రులు త్రాగేవారు మెట్లమీద కూర్చుంటారు. ఎనిమిదేళ్లుగా ప్రహరీ కోసము ప్రార్థిస్తున్నాము. “ఇటుక, సిమెంటు అంతా మాదే అయ్యగారూ. రేపు ప్రసంగంలో, మన క్రైస్తవులందరూ ఫలానా గుర్తుకే వేయాలని ఒక్క మాట చెప్పండి చాలు” అన్నారు. సంఘపెద్దలు ఇద్దరు వారితోపాటే వచ్చారు. వారి కళ్లలో ఆశ కనబడింది. మా కళ్లలో కూడ కనబడి ఉంటుంది. పొద్దున చెబుతామని పంపించాము.

గాయక బృందము అభ్యాసానికి వచ్చిన ఆ అమ్మాయి కిటికీ అవతల నుండి విన్నట్టుంది. అందరూ వెళ్లాక లోనికి వచ్చి, “అయ్యగారూ, తప్పయితే క్షమించండి. ఒక్క మాట” అని నోటుబుక్కు తెరిచింది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టములోని 123వ సెక్షను వ్రాసుకొని ఉన్నది. మతము, కులము, భాష పేరు చెప్పి ఓటు అడగడము అవినీతి చర్య. దానితో ఎన్నికే రద్దు కావచ్చు. 2017 జనవరి 2న ఏడుగురు సుప్రీంకోర్టు న్యాయమూర్తులలో నలుగురు, అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతము పేరు చెప్పి అడిగినా అది వర్తిస్తుందని తీర్పు ఇచ్చారు. గుడి, మసీదు, చర్చి ప్రచార వేదిక కారాదని ఎన్నికల నియమావళిలో ఉన్నది.

మాకు మొదట కోపము వచ్చింది. మా చేతులమీద నిర్ధారణ పొందిన బిడ్డ మాకు పాఠము చెప్పుతున్నదా అనిపించింది. “సరే తల్లీ, వెళ్లి పడుకో” అని మాత్రము అన్నాము.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అపొస్తలుడైన పౌలును కొరడాలతో కొట్టబోయినప్పుడు, తాను రోమా పౌరుడనని చెప్పి ఆ అన్యాయమును ఆపాడు. తరువాత కైసరు ఎదుట చెప్పుకొంటానని అడిగాడు. తన దేశపు చట్టము ఆయనకు తెలుసు, దానిని వాడుకొన్నాడు. చట్టము మనకు అక్కరకు వచ్చినప్పుడు వాడుకొని, ప్రహరీగోడ కోసము ప్రక్కన పెట్టవచ్చునా? అదియుగాక మా సంఘములో మూడు పార్టీలవారు ఉన్నారు. బల్లమీద నుండి మేము ఒక గుర్తు పేరు చెబితే, మిగిలిన రెండు బల్లలవారు ప్రభువు బల్ల దగ్గరకు ఏ మనస్సుతో వస్తారు?

మరునాడు ప్రసంగము ముగించి మూడు మాటలు చెప్పాము. అందరు వెళ్లి ఓటు వేయండి. డబ్బు పుచ్చుకొనవద్దు. ఎవరికి వేశారని భార్యను భర్త గాని, కూలివానిని యజమాని గాని అడగవద్దు. అంతే.

దాని ఖరీదు కూడ చెప్పాలి. ప్రహరీ రాలేదు. ఇద్దరు పెద్దలలో ఒకాయన నాలుగు వారములు ఆరాధనకు రాలేదు, ఆరు నెలలు మాతో మాట్లాడలేదు. “చిన్నపిల్ల మాట విని సంఘానికి నష్టం చేశారు” అని ఇప్పటికీ కొందరు అంటారు. మేము వారిని తప్పుపట్టము. ఎనిమిదేళ్ల ఎదురుచూపు చిన్నది కాదు. కోతపండుగ కానుకలతో ఉత్తరము వైపు గోడ మాత్రము లేచింది. మిగిలిన మూడు వైపుల నుండి మేకలు వస్తూనే ఉన్నవి.

పోలింగు అయిన మరుసటి ఆదివారము ఆ తండ్రి ఒక కబురు చెప్పాడు. వాళ్లమ్మకు ఎనభై దాటాయి. ఎప్పుడూ కొడుకు చెప్పిన గుర్తుకే వేసేది. ఈసారి మనుమరాలు నేర్పినట్టు మీట నొక్కి, ప్రక్కనున్న పెట్టె అద్దములో ఏడు సెకన్లు కనబడే చీటీ చూసుకొని వచ్చిందట. “ఎవరికి వేశావమ్మా అంటే, అడగకూడదని అయ్యగారు చెప్పలేదా అంటుందండీ” అని నవ్వాడు. ఏడాది తరువాత ఆయన మా ఎదుట నవ్వడము అదే మొదలు.

ఆయన మొదట అడిగిన ప్రశ్నకు మేము ఇంకను బాకీ ఉన్నాము. ఈ చదువుతో ఏం చేస్తుంది? లాసెట్ వ్రాసి మూడేళ్ల లా కోర్సులో చేరవచ్చు. బి.ఇడి. చేసి సోషల్ టీచరు పరీక్షకు వెళ్లవచ్చు. గ్రూప్-2 వంటి పరీక్షలలో రాజ్యాంగము ముఖ్యమైన పాఠము. ఉద్యోగము ఖాయమని మేము చెప్పము, అట్లు చెప్పితే అబద్ధమవుతుంది. నర్సింగు చదివిన బిడ్డకు త్వరగా జీతము వస్తుంది, అది కూడ మంచి సేవయే. మీ బిడ్డకు దేనిమీద మనస్సున్నదో కూర్చోబెట్టి అడగండి. అడగకుండా మా దగ్గరకు పంపవద్దు.

కాలేజీకి వెళ్లలేని మనకు కూడ ఒక మనవి. ఒక ఆదివారము సాయంకాలము కుటుంబ ప్రార్థన అయ్యాక ఒక కాగితము తీసికొనండి. మన సర్పంచి, ఎం.పి.టి.సి., ఎమ్మెల్యే, ఎం.పి. పేర్లు వ్రాయండి. మీ ఇంటికి ఉన్న మూడు కష్టములు వ్రాసి, ఏది ఎవరి పనో ప్రక్కన గుర్తించండి. తెలియకపోతే మీ వీధిలో చదువుకొనే పిల్లలను అడగండి. ఇంటిలో పెద్దవారందరి పేర్లు ఓటర్ల జాబితాలో ఉన్నవో లేవో చూడండి. గ్రామసభ జరిగే రోజు తెలిసికొని వెళ్లండి, ఆడవారు కూడ వెళ్లండి. మాట్లాడకపోయినను, వినండి.

ఆ అమ్మాయి ఇచ్చిన పుస్తకము ఇంకను మా బల్లమీదనే ఉన్నది. తిరిగి ఇవ్వబోతే, “మీ దగ్గర ఉంచండి అయ్యగారూ, మా తమ్ముడు వచ్చి తీసుకుంటాడు” అన్నది. వాడిప్పుడు ఇంటరులో ఉన్నాడు. ఈసారి తండ్రి మా దగ్గరకు రాలేదు.

వచ్చే నెల మరల కలుసుకొందము. అంతవరకు ప్రభువు మీకును మీ ఇంటివారికిని తోడైయుండును గాక.